గుండె కండరానికి నెత్తురు చాలుతోందా? థాలియం స్కాన్ అడిగేది ఆ ఒక్క ప్రశ్నే

అలిపిరి మెట్లదారిలో గాలిగోపురం దాకా ఉన్న భాగం బాగా నిలువు. అక్కడ పాతికేళ్ల కుర్రాడు కూడా రొప్పుతాడు కాబట్టి రొప్పడం జబ్బు కాదు. కానీ యాభై దాటిన మనిషికి కొన్ని వందల మెట్లు ఎక్కేసరికి రొమ్ము మధ్యలో పట్టేసినట్టవడం, ఆ పట్టు ఎడమ చేతికో దవడకో పాకడం, కూర్చుంటే అయిదు నిమిషాల్లో తగ్గిపోవడం, లేచి ఎక్కితే మళ్లీ మొదలవడం... ఇది ఉత్త ఆయాసం కాదు. గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు నడిచి ఎక్కొద్దని టీటీడీ చెబుతూనే ఉంటుంది. చిక్కల్లా తనకు గుండెజబ్బు ఉందని ఇంకా తెలియనివాళ్లతోనే.

అలాంటి మనిషి కొండ దిగొచ్చి ఈసీజీ తీయించుకుంటాడు. బాగుందంటారు. ఎకో తీస్తారు, అదీ బాగుందంటారు. "గ్యాస్ అయ్యుంటాది లే" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. డాక్టరు మాత్రం సమాధానపడక చీటీ మీద 'స్ట్రెస్ ఎంపీఐ' అని రాస్తారు. మయోకార్డియల్ పర్ఫ్యూజన్ ఇమేజింగ్, అంటే గుండె కండరానికి నెత్తురు అందే తీరును బొమ్మ తీయడం. మన వైపు జనం దీన్ని థాలియం టెస్టు అనే అంటారు. తిరుపతి వాళ్లు స్విమ్స్ ఆసుపత్రిలోని న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వెళ్తారు. చిత్తూరు వాళ్లకు తిరుపతి కన్నా వేలూరే దగ్గర కాబట్టి చాలామంది అక్కడి సీఎంసీ ఆసుపత్రి దారి పడతారు. ఎక్కడికెళ్లినా బోర్డు మీద 'న్యూక్లియర్' అన్న మాట, తలుపు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు కనబడేసరికి సగం ధైర్యం జారిపోతుంది. "ఏందన్నా, బాంబులో వాడేది మన ఒంట్లోకి ఎక్కిస్తారా?" అని తోడొచ్చినవాళ్లు గుసగుసలాడతారు.

ఆ భయం సంగతి తర్వాత చూద్దాం. ఈసీజీ, ఎకో రెండూ బాగున్నప్పుడు ఈ మూడోది ఎందుకన్నది ముందు తేలాలి.

మంచం మీద పడుకున్న గుండె

గుండె గదుల నిండా ఎప్పుడూ నెత్తురే. అయినా ఆ నెత్తురు గుండె కండరానికి నేరుగా అందదు. దానికి కావలసింది కరొనరీ ధమనుల ద్వారానే రావాలి. ముందు గోడకు ఎల్ఏడీ, పక్క గోడకు సర్కమ్‌ఫ్లెక్స్, అడుగు గోడకు చాలామందిలో ఆర్‌సీఏ. మెట్లెక్కేటప్పుడో పరుగెత్తేటప్పుడో ఈ వ్యవస్థ మామూలు కన్నా మూడు నాలుగు రెట్లు నెత్తురు పంపగలదు. గుండెకు ఉన్న నిల్వబలం అదే.

కొవ్వు పేరుకుని ధమని ఇరుకైనప్పుడు మొదట తగ్గేది ఈ నిల్వబలం. ఇరుకుకు అవతల ఉండే సన్నటి నాళాలు ముందుగానే విప్పారి సర్దుకుంటాయి, కాబట్టి కూర్చున్న మనిషికి లోటు తెలియదు. విశ్రాంతిలో కూడా నెత్తురు తగ్గాలంటే ధమని 85, 90 శాతం దాకా మూసుకుపోవాలి. శ్రమలో మాత్రం 50 శాతం దాటినప్పటి నుంచే తేడా మొదలవుతుంది. తిరుపతిలో ఒక రోడ్డును సగం తవ్వి వదిలేశారనుకోండి. మామూలు మంగళవారం బండ్లు సాగిపోతూనే ఉంటాయి. గరుడసేవ రోజు ఆ రోడ్డు గతేమిటో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈసీజీ, ఎకో సాధారణంగా మంచం మీద పడుకోబెట్టి తీసేవి. ఒకటి గుండెలోని కరెంటును చూస్తుంది, ఇంకొకటి కదలికను చూస్తుంది. యాంజియోగ్రాం ధమని లోపలి ఆకారాన్ని చూపిస్తుంది. ఎక్కడ ఎంత ఇరుకో చెబుతుంది. శ్రమపడే వేళ ఫలానా గోడకు నెత్తురు అందుతోందా లేదా అన్నది ఈ మూడింటిలోనూ సూటిగా తెలియదు. ఎంపీఐ చూసేది దాన్నే. ఈ సంగతి తెలియక చాలామంది దీన్ని 'కొయ్యకుండా చేసే యాంజియో' అనుకుంటారు. కాదు. యాంజియో అడిగే ప్రశ్న వేరు, దీని ప్రశ్న వేరు. రిపోర్టులు రెండూ ఒకదానికొకటి పొసగనట్టు కనిపించడానికి సగం కారణం ఇదే.

మరి ట్రెడ్‌మిల్ మీద నడిపించి ఈసీజీ తీసే టీఎంటీ చాలదా? చాలామందికి చాలు, ఖర్చూ తక్కువ. కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అంతసేపు నడవలేరు. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలో కరెంటు పోయే ఎడమ దారిలో అడ్డు) ఉన్నవాళ్ల ఈసీజీ ముందే వంకరగా ఉంటుంది కాబట్టి అందులో కొత్త మార్పు పట్టుకోవడం కష్టం. పేస్‌మేకర్ ఉన్నా అంతే. ఆడవాళ్లలో టీఎంటీ లేని జబ్బును ఉందని చూపడం కాస్త ఎక్కువ. పైగా లోటు ఏ గోడలో ఉందో, ఎంత మేర ఉందో అది చెప్పలేదు.

ఎక్కించేది ఏమిటి

కిరణాలు వెలువరించే థాలియం-201 అనే పదార్థం వాడకం 1970లలో ఊపందుకుంది. ఒంట్లో అది పొటాషియంలా ప్రవర్తిస్తుంది. బతికున్న కండర కణం దాన్ని పొటాషియం అనుకునే లోపలికి లాగేసుకుంటుంది. దాని అర్ధాయువు 73 గంటలు, అంటే మూడు రోజులకు గానీ సగం తగ్గదు. కెమెరాకు దాని కిరణాలు కాస్త బలహీనం కూడా. అందుకే ఇప్పుడు ఎక్కువచోట్ల టెక్నీషియం-99ఎం వాడుతున్నారు. జనం నోట మాత్రం పాత పేరే నిలిచిపోయింది.

టెక్నీషియం చరిత్ర కొంచెం విచిత్రం. మనిషి కృత్రిమంగా తయారుచేసిన మొదటి మూలకం ఇది. 1937లో ఇటలీలోని పలెర్మోలో సెగ్రే, పెర్రియే దాన్ని గుర్తించారు. దాని 99ఎం రూపానికి అర్ధాయువు 6 గంటలే. అంత త్వరగా కరిగిపోయేదాన్ని దూరం నుంచి తెప్పించి అరలో పెట్టుకోవడం కుదరదు. అందుకని ఆసుపత్రికి వచ్చేది దాని తల్లి, మాలిబ్డినం-99. దాని అర్ధాయువు 66 గంటలు. సీసం కవచం ఉన్న చిన్న జెనరేటర్‌లో అది క్షీణిస్తూ టెక్నీషియంగా మారుతూ ఉంటుంది. పొద్దున్నే సెలైన్ పోసి కావలసినంత టెక్నీషియం దించుకుంటారు. వారం గడిచేసరికి జెనరేటర్ నీరసించిపోతుంది, కొత్తది రావాలి. మన దేశంలో అణుశక్తి శాఖ కింద ఉన్న బ్రిట్ సంస్థ ఇలాంటివి తయారుచేస్తుంది, బయటి దేశాల నుంచి కూడా వస్తాయి. వీటిని వాడాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, అనుమతి ఉండాలి.

ఒట్టి టెక్నీషియం గుండెకు పోదు. దాన్ని సెస్టామిబి అనే రసాయనానికో టెట్రోఫాస్మిన్‌కో తగిలించి సిరలోకి ఎక్కిస్తారు. సెస్టామిబి నెత్తుటి వెంట వెళ్లి గుండె కణాల్లోకి చొరబడి, వాటి మైటోకాండ్రియాల్లో చిక్కుకుపోతుంది. నెత్తురు ఎక్కువ వెళ్లినచోట ఎక్కువ, తక్కువ వెళ్లినచోట తక్కువ. ఒకసారి చిక్కుకున్నాక అక్కడి నుంచి పెద్దగా కదలదు. ఈ పరీక్షలోని అసలు తెలివి ఇక్కడుంది. ట్రెడ్‌మిల్ మీద గుండె అదిరిపోతున్న నిమిషంలో సూది వేస్తారు, ఫొటో తీసేది అరగంటో గంటో ఆగాక. అప్పటికి మనిషి చెమట తుడుచుకుని, పాలు తాగి, నింపాదిగా కూర్చుని ఉంటాడు. ఫొటోలో కనిపించేది మాత్రం ఆ పరుగు నిమిషంలో నెత్తురు ఎలా పంచుకుందన్నదే.

థాలియం ఇలా కాదు. అది కణంలోంచి మళ్లీ బయటికొచ్చి చోటు మారుతుంది. అందుకే సూది వేసిన పది నిమిషాల్లోపే ఒక ఫొటో తీసి, మూడు నాలుగు గంటలయ్యాక ఇంకొకటి తీస్తారు. మొదట్లో చీకటిగా ఉన్న గోడ రెండోసారి వెలిగితే ఆ కండరం బతికే ఉందని అర్థం.

పరుగు, లేదా పరుగు లాంటిది

నడవగలిగినవాళ్లను ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు. సాధారణంగా బ్రూస్ పద్ధతి. మూడేసి నిమిషాలకొకసారి వేగం, ఏటవాలు రెండూ పెరుగుతాయి. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెలో 85 శాతం దాకా గుండె వేగం చేరాలి. అరవై ఏళ్ల మనిషికి నిమిషానికి 136. అక్కడ సూది వేసి, ఇంకో నిమిషమైనా నడిపిస్తారు. 'ఇంక చాలు సార్' అని ముందే దిగిపోతే పరీక్షకు విలువ తగ్గుతుంది. నొప్పి వస్తే మాత్రం దాచకుండా చెప్పాలి, ఓర్చుకోవడంలో గొప్పేమీ లేదు.

నడవలేనివాళ్లకూ, లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ ఉన్నవాళ్లకూ మందుతో. తరచూ వాడేది అడినోసిన్. నాలుగు నుంచి ఆరు నిమిషాలపాటు సిరలోకి సన్నగా ఎక్కిస్తారు. అది గుండెను పరుగెత్తించదు, ధమనుల వెనకాల ఉన్న సన్న నాళాలను పూర్తిగా విప్పేస్తుంది. బాగున్న ధమని వైపు నెత్తురు మూడు నాలుగింతలు దూసుకెళ్తుంది. ఇరుకైన ధమని వైపు నాళాలు ముందే విప్పారి ఉన్నాయి కదా, అక్కడ ఇంక పెరగడానికి చోటు లేదు. ఈ తేడాయే బొమ్మలో మచ్చగా పడుతుంది. ఎక్కుతున్నంతసేపు మొహం వేడెక్కడం, రొమ్ము బరువు, తలనొప్పి, ఊపిరాడనట్టు అనిపించడం మామూలే. అడినోసిన్ నెత్తురులో కొన్ని సెకన్లకు మించి నిలవదు కాబట్టి ఆపగానే చాలావరకు తగ్గిపోతాయి. ఆస్తమా బాగా ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు, వాళ్లకు డోబుటమిన్ వాడతారు.

ఇక కాఫీ. చిత్తూరు జిల్లాలో పొద్దున ఫిల్టర్ కాఫీ పడకపోతే మనిషి మనిషిలా ఉండడు, తెలుసు. కానీ అడినోసిన్ పనిచేసే తాళాల్లో కెఫీన్ ముందే దూరి కూర్చుంటుంది. మందు ఎక్కిస్తారు, నాళాలు విప్పారవు, ఉన్న లోటు కనబడదు, రిపోర్టు 'నార్మల్' అని వస్తుంది. కనీసం 12 గంటలు, చాలాచోట్ల 24 గంటలు కాఫీ, టీ, కోలా, చాక్లెట్ మానమంటారు. కొన్ని తలనొప్పి మాత్రల్లో కూడా కెఫీన్ ఉంటుంది. 'ఒక్క గుక్కే తాగినా' అని దాచేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. వాయిదా వేయించుకోవడం ఎంతో నయం. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు కాబట్టి ఒకటి రెండు రోజుల ముందు ఆపమనవచ్చు. అది డాక్టరు చెబితేనే, సొంతంగా ఆపకూడదు. షుగరున్నవాళ్లు పస్తుతో ఇన్సులిన్ ఎంత వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోవాలి.

కెమెరా కింద పదీ ఇరవై నిమిషాలు చేతులు తలపైకి పెట్టి కదలకుండా పడుకోవడమే. మామూలు గామా కెమెరా నుంచి ఏ కిరణమూ రాదు. కిరణాలొచ్చేది మన ఒంట్లోంచి, అది పట్టుకుంటుందంతే. సీటీ కూడా కలిసి ఉన్న యంత్రమైతే ఆ కాస్త ఎక్స్‌రే అదనం. ఇంకో తమాషా ఉంది. సెస్టామిబి కాలేయం గుండా పిత్తంలోకి పోతుంది. కాలేయం గుండె అడుగు గోడకు ఆనుకునే ఉంటుంది కాబట్టి అది వెలుగుతూ ఉంటే పక్కనున్న గోడ సరిగా కనబడదు. త్వరగా ఖాళీ అవ్వాలని పాలో, కాస్త కొవ్వున్న టిఫినో పెట్టి కూర్చోబెడతారు. గుండె పరీక్షకొచ్చిన మనిషికి ఆసుపత్రివాళ్లే కొవ్వు తినమనే సందర్భం ఇంకోటి ఉండదేమో.

రిపోర్టు చేతికొచ్చాక

గుండెను బ్రెడ్డు ముక్కల్లా అడ్డంగా కోసినట్టు గుండ్రటి బొమ్మలు వరసగా ఉంటాయి. పైవరస శ్రమలో, కిందివరస విశ్రాంతిలో. వాటన్నిటినీ కలిపి 17 భాగాల వృత్తంగా గీసిన పటం కూడా ఇస్తారు. రెండు వరసల్లోనూ గోడంతా సమానంగా వెలిగితే బాగున్నట్టు. శ్రమలో మసకబారి విశ్రాంతిలో వెలిగితే 'రివర్సిబుల్ డిఫెక్ట్': కండరం బతికే ఉంది, పనిపడినప్పుడు నెత్తురు చాలడం లేదు. రెండింటిలోనూ మసకే అయితే 'ఫిక్స్‌డ్ డిఫెక్ట్'. ఇది పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ కావచ్చు.

కావచ్చు అన్నాను, ఎందుకంటే ఇక్కడే మోసం. గుండెకూ కెమెరాకూ మధ్య అడ్డున్న మాంసం కిరణాలను కొంత మింగేస్తుంది. ఆడవాళ్లలో రొమ్ము నీడ ముందు గోడ మీద పడుతుంది, బొజ్జ ఉన్న మగవాళ్లలో ఉదరవితానం (డయాఫ్రం) నీడ అడుగు గోడ మీద పడుతుంది. రెండు వరసల్లోనూ ఆ నీడ ఒకేలా ఉంటుంది కాబట్టి అచ్చం పాత మచ్చలాగే కనిపిస్తుంది. తేడా పట్టే ఉపాయం, గుండె చప్పుడుతో జతచేసి తీసే గేటెడ్ బొమ్మలు. మచ్చపడ్డ గోడ సరిగా ముడుచుకోదు. మసకగా ఉన్నా చక్కగా ముడుచుకుంటోందంటే అది మచ్చ కాదు, నీడ. కొన్నిచోట్ల బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి తీస్తారు. అడుగు గోడ నీడ అయితే అప్పుడు విడిపోతుంది. రిపోర్టులో 'అటెన్యుయేషన్' అన్న మాట కనిపిస్తే ఈ గొడవ గురించేనని తెలుసుకోవాలి. ఎల్‌వీఈఎఫ్ (గుండె ఎడమ గది ముడుచుకున్నప్పుడల్లా బయటికి తోసే నెత్తురు శాతం) అన్న అంకె కూడా గేటెడ్ బొమ్మల నుంచి వచ్చేదే, సాధారణంగా 50 శాతం దాటితే మంచిది.

రిపోర్టు నార్మల్ వస్తే? మంచి వార్తే. నార్మల్ ఎంపీఐ ఉన్నవాళ్లలో గుండెపోటు గానీ గుండె మరణం గానీ సంభవించే అవకాశం సాధారణంగా ఏడాదికి 1 శాతం లోపే. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ హామీ కొంత పలచబడుతుంది. అయితే నార్మల్ అంటే బ్లాకులు లేవని కాదు. 30, 40 శాతం కొవ్వు పేరుకున్నా నెత్తురు సరిపోతూ ఉంటే ఈ స్కాన్ దాన్ని చూడదు. అంత చిన్న బ్లాకు కూడా ఒక్కోసారి చిట్లి, గడ్డకట్టి గుండెపోటు తేగలదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఆపేయడానికి ఇది అనుమతిపత్రం కాదు.

ఇంకో గుంట ఉంది. ఈ బొమ్మలు ఒక గోడను ఇంకో గోడతో పోల్చి చూపిస్తాయి. మూడు ధమనులూ ఒకే స్థాయిలో ఇరుకైతే పోల్చడానికి బాగున్న గోడంటూ ఉండదు. అన్నీ సమానంగా మసకబారి, చూడడానికి సమానంగా వెలిగినట్టే ఉంటుంది. అరుదే గానీ ప్రమాదకరం. శ్రమ బొమ్మలో ఎడమ గది విశ్రాంతి కన్నా ఉబ్బి కనిపించడం, ట్రెడ్‌మిల్ మీద బీపీ పడిపోవడం, ఈసీజీ బాగా మారడం లాంటివి చూసి అనుభవమున్నవాళ్లు అనుమానిస్తారు. బొమ్మ నార్మల్, లక్షణం గట్టిది అయినప్పుడు మంచి డాక్టరు లక్షణాన్నే నమ్ముతారు.

తేడా ఉందని వస్తే వెంటనే స్టెంటేనా? మన ఊళ్లలో ఎక్కువ కంగారు ఇక్కడే. కండరంలో 10 శాతానికి మించి లోటు కనిపిస్తే ఓ మోస్తరు నుంచి తీవ్రం కింద లెక్క. అలాంటి స్థిరమైన జబ్బున్న 5,179 మందితో 'ఇస్కీమియా' అనే అంతర్జాతీయ ట్రయల్ జరిగింది, ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. సగం మందికి మందులతో పాటు యాంజియో చేసి, అవసరమైతే స్టెంటో బైపాసో చేశారు. మిగతా సగం మందికి ముందుగా మందులే. మూడేళ్లకు పైగా చూస్తే మరణాల్లో గానీ, మొత్తం గుండెపోట్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరచూ రొమ్ము నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం స్టెంటు, బైపాసు వల్ల ఉపశమనం బాగా దొరికింది. ఎడమ ప్రధాన ధమనిలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్లు, గుండె బాగా నీరసించినవాళ్లు, కొత్తగా గుండెపోటు వచ్చినవాళ్లు ఆ ట్రయల్‌లో లేరు. వాళ్ల లెక్క వేరు. మిగతావాళ్లకు 'ఈ రాత్రికే స్టెంటు వేయకపోతే ప్రమాదం' అని ఎవరైనా తొందరపెడితే రెండో అభిప్రాయానికి వ్యవధి ఉందన్నమాట. గుండెపోటు నడుస్తున్న మనిషికి ఇవేవీ వర్తించవు. ఆగకుండా నొప్పి, చెమటలు ఉంటే స్కాన్ ఆలోచన మాని నేరుగా ఎమర్జెన్సీకి తీసుకుపోవాలి.

రేడియేషన్ ఎంత

ఒంట్లోకి పోయే టెక్నీషియం బరువు గ్రాములో వంద కోట్లవ వంతుల్లో కొలవాల్సినంత. రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. రెండు విడతల పరీక్షకు కలిపి సుమారు 10 మిల్లీసీవర్ట్‌లు. ప్రపంచంలో సగటు మనిషికి నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ఏడాదికి అందేది 2.4. అంటే నాలుగేళ్ల సహజ మోతాదు ఒక్కరోజులో. థాలియంతో అయితే ఇంకా ఎక్కువ. బాంబుతో పోలిక అర్థం లేనిదే గానీ, ఏమీ కాదని కొట్టిపారేయడమూ సరికాదు. రొమ్ము నొప్పి ఉన్న అరవై ఏళ్ల మనిషికి ఈ మోతాదు కన్నా జబ్బు తేలకపోవడమే ప్రమాదం. ఏ లక్షణమూ లేని ముప్పయి అయిదేళ్లవాడు ఏటేటా హెల్త్ ప్యాకేజీలో భాగంగా చేయించుకోవడం మాత్రం నా దృష్టిలో డబ్బు దండగ, రేడియేషన్ దండగ. కొన్నిచోట్ల శ్రమ బొమ్మే ముందు తీస్తారు. అది పూర్తిగా బాగుంటే విశ్రాంతి బొమ్మ అక్కర్లేదు, మోతాదు బాగా తగ్గుతుంది. మీ దగ్గర అలా కుదురుతుందేమో అడగడంలో తప్పు లేదు.

గర్భిణులూ, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లూ, పాలిచ్చే తల్లులూ ముందే చెప్పాలి. ఇంటికొచ్చాక ఆ రోజంతా నీళ్లు బాగా తాగి తరచూ ఒంటేలుకు వెళ్తే మందు త్వరగా బయటికి పోతుంది. చంటిపిల్లలను ఒళ్లో గంటలకొద్దీ కూర్చోబెట్టుకోకుండా ఒక్కరోజు ఓపిక పడితే చాలు. ఆరేసి గంటలకు సగం చొప్పున తరిగి, మర్నాటికి పదహారో వంతే మిగులుతుంది, ఒంటేలులో పోయింది కాక. ఒకటి రెండు రోజుల్లో విదేశీ ప్రయాణముంటే ఆసుపత్రి నుంచి ఒక చీటీ రాయించుకోండి. కొన్ని విమానాశ్రయాల్లోని రేడియేషన్ పసిగట్టే యంత్రాలు ఈ కాస్తకే మోగుతాయి.

పోయేటప్పుడు పాత ఈసీజీలు, యాంజియో సీడీ, వాడే మాత్రల పట్టీలు అన్నీ సంచిలో వేసుకెళ్లండి; పాత స్టెంటు ఎక్కడుందో తెలిస్తే బొమ్మ చదివేవాళ్లకు పని తేలికవుతుంది. ఆ రోజు వెళ్లలేని పరిస్థితి వస్తే ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. మీ పేరు మీద పొద్దున కలిపిన మందును రేపటికి దాచి పెట్టడం వాళ్ల చేతిలో లేదు.